బోరు కొట్టడానికీ బోరు బావికీ చుట్టరికం ఉందా? ఇంగ్లీషు మాట పుట్టుకను మీరే తేల్చుకునే పద్ధతి

మన గోదావరి డెల్టాలో బోరు అనే మాట వినపడని రోజు ఉండదు. రొయ్యల చెరువుకి వేసే బోరు, వీధి మొగలో పంచాయతీ వాళ్లు పాతిన బోరింగు, మధ్యాహ్నం కరెంటు పోయి ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోయాక పిల్లలు "బోరు కొడుతోందమ్మా" అని సాగదీసే బోరు. అన్నీ ఒక్కలాగే వినపడతాయి కాబట్టి అన్నీ ఒకటే అయ్యుంటాయి అనుకోవడం సహజం, కథలు పుట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. మిషను భూమిని తొలిచినట్టు మాటలతో బుర్ర తొలిచేస్తాడు కాబట్టి అలాంటివాణ్ణి బోర్ అన్నారని ఒక కథ. బోరింగు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయి విసుగొస్తుంది కాబట్టి "బోరు కొట్టడం" అయిందని ఇంకో కథ, ఇది మాత్రం అచ్చంగా మన సొంత సరుకు.

రెండూ వినడానికి బాగున్నాయి. అంత బాగున్నాయి కాబట్టే ఓసారి అనుమానించాలి. ఏ కథ నిలుస్తుందో ఏది పడిపోతుందో ఇంట్లో కూర్చుని ఫోన్‌తోనే తేల్చుకోవచ్చు, దానికి భాషాశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. కాస్త ఓపిక కావాలి, "తెలియదు" అన్నది కూడా ఒక జవాబే అని ఒప్పుకోగలగాలి. ఆ రెండోదే కష్టం. బోరునే పట్టుకుని చెప్తాను, పద్ధతి మాత్రం ఏ మాటకైనా ఇంతే.

ముందు ఎన్ని బోర్లున్నాయో చూసుకోండి

ఏదైనా మంచి ఇంగ్లీషు నిఘంటువు తెరవండి. ఆన్‌లైన్‌లో మెరియమ్ వెబ్‌స్టర్ ఉచితంగానే దొరుకుతుంది. బోర్ అని కొట్టగానే అదే మాట పక్కన చిన్న చిన్న అంకెలతో నాలుగైదు సార్లు వస్తుంది. ఆ అంకెల్ని చాలామంది పట్టించుకోకుండా పైనున్న మొదటి అర్థం చదివేసి వెళ్లిపోతారు, అసలు కిటుకేమో ఆ అంకెల్లోనే ఉంది. కొన్నిసార్లు ఆ అంకె నామవాచకం, క్రియ అన్న తేడా కోసమే ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం స్పెల్లింగు ఒకటే అయినా ఇవి వేరు వేరు మాటలు, పుట్టిన చోట్లే వేరు అని చెప్పడానికి వేస్తారు. అందుకని ప్రతి అంకె కిందకీ దిగి పుట్టుక దగ్గర ఏం రాశారో చదవాలి.

బోర్ విషయంలో అలా దిగితే ఇలా తేలుతుంది. తొలవడం అనే బోర్ పాత ఇంగ్లీషు నుంచీ ఉన్న మాట, అప్పట్లో బోరియన్ అనేవారు. జర్మన్‌లో బోరెన్ అని దాని చుట్టం ఇప్పటికీ ఉంది, లాటిన్‌లో ఫొరారె అని ఇంకో చుట్టం ఉంది, స్టాంపుల చుట్టూ చిల్లులకి మనం వాడే పెర్ఫొరేషన్ అందులోంచి వచ్చిందే. మన బోరు బావి, బోరింగు, తుపాకీ గొట్టం లోపలి బోర్ అన్నీ ఈ ఇంటివే.

ఇంకో బోర్ ఉంది, అది నీళ్ల బోర్. సముద్రపు పోటు ఇరుకైన నదీముఖంలోకి ఎక్కేటప్పుడు ఒక్కసారిగా గోడలా లేచి ఎదురు వస్తుంది చూడండి, కలకత్తా దగ్గర హుగ్లీలో వచ్చేది అలాంటిదే, దాన్ని కూడా బోర్ అంటారు. అంతర్వేది వాళ్లకి పోటు గురించి నేను చెప్పక్కర్లేదు గానీ, దాని ఇంగ్లీషు పేరుకీ తొలవడానికీ సంబంధం లేదన్నది మాత్రం చెప్పాలి. అది పాత నార్స్ అనే స్కాండినేవియా పాత భాషలో అల అనే అర్థమున్న బార అనే మాట నుంచి వచ్చిందంటారు. ఇవి కాక "మోశాడు" అనే అర్థంలో బేర్ అనే క్రియకి భూతకాలం కూడా బోరే. దానికీ తొలవడానికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇవన్నీ పక్కకి తీశాక విసుగు అనే అర్థమున్న బోర్ ఒక్కటీ ఒంటరిగా మిగులుతుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో దాని పుట్టుక దగ్గర చూస్తే, తెలియదు అని ఉంటుంది.

చాలామంది ఇక్కడే నిరుత్సాహపడిపోయి మళ్లీ కథల వైపు వెళ్తారు. వెళ్లకండి. పుట్టుక తెలియదంటే ఆ మాట గురించి ఏమీ తెలియదని కాదు.

"ఎలా" అనే ముందు "ఎప్పుడు" అని అడగండి

ఒక మాట పుట్టుక గురించి ఎవరు ఏ కథ చెప్పినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదొక్కటే: ఈ అర్థంలో మొట్టమొదట ఎప్పుడు రాశారు? ఎటిమాన్‌లైన్ అని ఒక ఉచిత వెబ్‌సైట్ ఉంది, డగ్లస్ హార్పర్ అనే ఆయన నడుపుతారు. అందులో దాదాపు ప్రతి మాటకీ ఫలానా అర్థం ఫలానా కాలంలో అని ఉంటుంది. కొన్ని నిఘంటువుల్లో కనపడే పొట్టి అక్షరాలు చూసి భయపడకండి. ఓ.ఇ. అంటే పాత ఇంగ్లీషు, సుమారు 1150కి ముందుది. ఎం.ఇ. అంటే మధ్యకాలపు ఇంగ్లీషు, 1500 దాకా. ఓ.ఎన్. అంటే పాత నార్స్. పర్‌హాప్స్, ప్రాబబ్లీ అన్న మాటలు కనపడితే అక్కడ ఆగి రెండోసారి చదవండి, ఎందుకంటే ఫార్వర్డ్ మెసేజ్‌గా మారేటప్పుడు అన్నిటికంటే ముందు ఎగిరిపోయేవి ఈ రెండు మాటలే.

తొలిచే బోర్ వయసు వెయ్యేళ్ల పైనే. విసుగు బోర్ మాత్రం 1760ల దాకా రాతలో కనపడదు. 1768లో కార్లైల్ ప్రభువు తన స్నేహితుడు జార్జ్ సెల్విన్‌కి రాసిన ఉత్తరంలో, గుర్రప్పందాల ఊరు న్యూమార్కెట్‌లో ఉన్న మిత్రుల్ని తలుచుకుని, పాపం ఆ ఫ్రెంచివాళ్లు వీళ్లకి బోర్ కొట్టించబోతున్నారు, జాలేస్తోంది అని రాశాడు. ఆ రోజుల్లో ఆ షోకిలా రాయుళ్ల ఉత్తరాల్లో "ఫ్రెంచి బోర్" అనే మాట కూడా కనపడుతుంది. అంటే ఇది పల్లెల్లో పనిచేసుకునేవాళ్ల నోట పుట్టినట్టు కనపడదు, వేళకి తిండి, చేతినిండా డబ్బు, ఏ పనీ లేని జమీందారీ కుర్రాళ్ల మధ్య తిరిగిన ఫ్యాషన్ మాటలా ఉంది. పనిలేనివాడికే విసుగెక్కువ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇప్పుడు బుర్ర తొలిచే కథని ఈ తేదీల ముందు నిలబెట్టండి. తొలవడం అనే మాట వందల ఏళ్లు తిరిగాక ఒక్కసారిగా 1760ల్లో విసుగు అనే అర్థం ఎత్తుకుందా? అసాధ్యమేమీ కాదు, మెల్లగా, పట్టువదలకుండా తొలుచుకుంటూ పోవడం అనే పోలిక మీద పుట్టి ఉండొచ్చని పండితులు కూడా కొందరు అన్నారు. కానీ మధ్యలో మెట్లు కావాలి కదా, చెవి తొలిచాడు, బుర్ర తొలిచాడు అంటూ మెల్లగా విసుగు వైపు జరుగుతున్న వాక్యాలు. అవి దొరికేదాకా ఆ కథని "కావచ్చు" అనే గూట్లోనే ఉంచాలి. ఫ్రెంచి వైపు నుంచి వచ్చే ఊహ ఇంకోటుంది. బూర్ అంటే దిండులో కూరే దూది, పీచు లాంటి సరుకు, బూరే అంటే కూరడం, కుక్కడం. ఆత్రేయపురం పూతరేకులైనా సరే ఒక్కపూటలో కుక్కుకుని తింటే మొహం మొత్తుతుంది కాబట్టి అర్థం అతికేలాగే ఉంది. అతకడం మాత్రం రుజువు కాదు. దీన్ని కూడా అదే గూట్లో పెట్టండి.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. షేక్స్‌పియర్ పేరుతో ఉన్న ఎనిమిదో హెన్రీ నాటకం 1613 నాటిది. అందులో "ఏదో ఎత్తు వేసి నన్ను బోర్ చేస్తున్నాడు" అన్నట్టు ఒక మాట వస్తుంది. చూడగానే ఇదిగో 150 ఏళ్ల ముందే దొరికింది అని ఎగిరి గంతేస్తాం. సందర్భం చదివితే అక్కడి అర్థం మోసం చేయడం, గోతులు తవ్వడం, విసుగు కాదు. మాట దొరికితే చాలదు, అర్థం కూడా అదే అయ్యుండాలి.

మొదట దొరికిన చోటు పుట్టిన చోటు కాదు

బోర్‌డమ్ అనే మాటని చార్లెస్ డికెన్స్ పుట్టించాడని చాలాచోట్ల రాస్తుంటారు. బ్లీక్ హౌస్ అనే నవలలో ఆ మాట ఉన్నమాట నిజం. 1852 మార్చిలో ఆ నవల నెలనెలా భాగాలుగా రావడం మొదలైంది, ఇక్కడ ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని పూర్తయిన ఏడే. చాలాకాలం నిఘంటువుల్లో అదే మొదటి ఉదాహరణగా ఉండేది, అందుకని జనం డికెన్స్‌ని ఆ మాటకి తండ్రిని చేసేశారు. తర్వాత పాత పత్రికలు స్కాన్ అయ్యి వెతకడం తేలికయ్యాక అంతకంటే ముందే అచ్చయిన వాక్యాలు బయటపడ్డాయి.

ఇదెందుకు జరుగుతుందో తెలియాలంటే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఎలా తయారైందో తెలియాలి. వేలమంది మామూలు పాఠకులు పుస్తకాలు చదువుతూ, మాట కనపడిన వాక్యాన్ని, తేదీని చిన్న చీటీ మీద రాసి పోస్టులో పంపేవారు. సంపాదకుడు జేమ్స్ మర్రే వాటిని వరస పెట్టించాడు. మొదటి భాగం 1884లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1928, మర్రే అప్పటికి లేడు. ఎవరి కంటపడిన పుస్తకంలో ఉంటే అదే మొదటి ఉదాహరణ అయింది, అందరూ చదివే రచయితలకేమో ఎక్కువ చీటీలు వచ్చాయి. కాబట్టి "మొదటిసారి 1852" అని కనపడితే "1852 నాటికి ఉంది" అని చదువుకోండి, అంతే.

మీరే ముందటి తేదీ పట్టుకోవాలనుకుంటే గూగుల్ బుక్స్‌లో సంవత్సరాల హద్దు పెట్టి వెతకొచ్చు. ఒట్టి బోర్ అని కొడితే మోశాడు అనే బోర్లు వేలల్లో వచ్చి పడి మిమ్మల్ని ముంచేస్తాయి, అందుకని జంట మాటలతో వెతకాలి: "వాట్ ఎ బోర్", "బోర్డ్ టు డెత్" లాంటివి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఇంగ్లీషు స్పెల్లింగులోనే. దొరికినదాన్ని వెంటనే నమ్మకండి. వారపత్రికలకి, సంపుటాలకి తేదీలు తప్పుగా పడతాయి, పత్రిక మొదలైన ఏడాదినే అన్ని సంచికలకీ అంటించేస్తారు ఒక్కోసారి. మిషను చదివిన అక్షరాల్లో తప్పులుంటాయి, పాత అచ్చులో పొడుగ్గా ఉండే ఎస్ అక్షరాన్ని ఎఫ్ అనుకుంటుంది. పేజీ బొమ్మ తెరిచి కళ్లతో చూడాలి, టైటిల్ పేజీ దాకా వెళ్లి సంవత్సరం చూసుకోవాలి. ఒక నోటు పుస్తకంలో మాట, అర్థం, సంవత్సరం, పుస్తకం పేరు, పేజీ అని రాసుకుంటూ వెళ్లండి. లేకపోతే వారం తర్వాత ఎక్కడ చూశారో గుర్తుండదు.

మాట కొత్తదైతే ఆ బాధ కూడా కొత్తదా

ఇది చాలామంది వేసే తప్పుడు లెక్క. 1760లకి ముందు బోర్ లేదు కాబట్టి అప్పటిదాకా ఇంగ్లీషువాళ్లకి విసుగే తెలియదని వ్యాసాలు కూడా రాసేస్తారు. లాటిన్ టీడియమ్ నుంచి వచ్చిన టీడియస్ అప్పటికే వందల ఏళ్లుగా వాడుకలో ఉంది. ఆన్వీ అనే ఫ్రెంచి మాట కూడా బోర్ కంటే ముందే ఇంగ్లీషు రాతల్లోకి వచ్చింది. ఆన్వీకి, చిరాకు పెట్టడం అనే అర్థమున్న ఎనాయ్‌కి మూలం ఒకటే, అసహ్యం అనే అర్థం వచ్చే లాటిన్ పలుకుబడి. ఇంకా వెనక్కి వెళ్తే నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి, మిట్టమధ్యాహ్నం వచ్చి పట్టే ఒక దయ్యం గురించి రాశాడు. అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టే ఉంటుందట, రోజుకి యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట, ఊరికే కిటికీ వైపు చూస్తుంటాడట. దాని పేరు గ్రీకులో అకేడియా, పట్టింపు లేకపోవడం అని అర్థం. వైశాఖంలో భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని చూసుకుంటే ఆ దయ్యం మనకీ కొత్తేమీ కాదు.

మన భాషలోనే చూడండి. ఏం తోచట్లేదు, పొద్దుపోవట్లేదు, విసుగ్గా ఉంది, మొహం మొత్తింది. నాలుగూ నాలుగు రకాల బాధలు. బోరు వచ్చి నాలుగిటినీ ఒకే బుట్టలో వేసేసింది. పాత మాటల్ని కూడా పక్కన పెట్టుకుని చూస్తేనే కొత్త మాట ఏ ఖాళీలోకి వచ్చిందో తెలుస్తుంది.

చుట్టాల్ని పిలిచి అడగండి

ఇక మన బోరింగు కథ సంగతి. కొట్టడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ నిఘంటువు సాయపడదు, పక్క భాషల్ని అడగాలి. తమిళంలో బోర్ అడిక్కిదు అంటారు, అడి అంటే కొట్టు. మలయాళంలో బోరడిక్కున్ను, అక్కడా అదే. కన్నడంలో బోర్ హొడియుత్తె, హొడి అన్నా కొట్టడమే. హిందీ వాళ్లు మాత్రం బోర్ హో రహా హూఁ అంటారు, అంటే బోర్ అవుతున్నాను అని. దక్షిణాది భాషలు నాలుగూ కొట్టాయి, హిందీ కొట్టలేదు.

ఒక్క మన వీధి బోరింగు దగ్గర పుట్టిన మాట నాలుగు భాషల్లోకీ ఇంత పద్ధతిగా పాకిందంటే నమ్మడం కష్టం. ఇంకో సంగతి చూడండి, మనం వాసన కొడుతోంది, కంపు కొడుతోంది, ఎండ కొడుతోంది అంటాం, తమిళంలో కూడా ఎండా వాసనా కొట్టేవే. మన ప్రమేయం లేకుండా బయటినుంచి వచ్చి మీద పడేవాటికి కొట్టు తగిలించడం మన భాషల అలవాటు. ఇంగ్లీషు నుంచి బోరు దిగగానే ఆ వరసలోకే వెళ్లి కూర్చుందని నా ఉద్దేశం. బోరింగు కొట్టడం, బోరు కొట్టడం దగ్గర దగ్గరగా వినపడటం కాకతాళీయం. దీనికి తేదీలతో రుజువు నా దగ్గర లేదు కాబట్టి ఇది కూడా "కావచ్చు" గూట్లోదే, కాకపోతే ఆ గూట్లో కాస్త ముందు వరసలో ఉంటుంది.

చుట్టాల పరీక్ష ఎంత పదునైందో డల్ అనే మాట మీద చూడొచ్చు. మనం మొద్దు కత్తి, మొద్దు కుర్రాడు అంటాం, కత్తే ముందు, కుర్రాడు తర్వాత అనుకుంటాం. డల్ కూడా అలాగే పదును లేని కత్తి మీంచి మనిషి మీదకి వచ్చి ఉంటుందని ఎవరైనా చెప్తారు. నిజానికి అది మనిషితోనే మొదలైనట్టుంది. పాత ఇంగ్లీషులో డోల్ అంటే తెలివితక్కువ, మందబుద్ధి. కత్తికి, రంగుకి, నొప్పికి తర్వాత పాకింది. దాని జర్మన్ చుట్టం టోల్, ఒకప్పుడు పిచ్చి అని అర్థం, ఇప్పుడు జర్మన్ కుర్రాళ్లు అదిరిపోయింది అనడానికి అదే వాడతారు! ఆటపాటలు లేకుండా ఎప్పుడూ పనే అయితే జాక్ డల్ అయిపోతాడనే సామెత 1659లో జేమ్స్ హొవెల్ వేసిన సామెతల సంకలనంలోనే ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి మార్కెట్ డల్, మొహం డల్, కుర్రాడు డల్, అన్నీ వచ్చాయి గానీ కత్తి మాత్రం రాలేదు, దానికి మొద్దు ముందే ఉంది కాబట్టి.

మనిషి పేరు మీద పుట్టిందని చెప్పే కథలు ఎక్కువగా అబద్ధాలే, అక్షరాలు విడగొట్టి ఇది ఫలానా ఫలానాకి షార్ట్‌కట్ అని చెప్పే కథలైతే పాత మాటల విషయంలో దాదాపు అన్నీ అబద్ధాలే. ఇలా అని కళ్లు మూసుకుని అన్నిటినీ కొట్టేయకూడదు. మొద్దు విద్యార్థి అనే అర్థమున్న డన్స్ నిజంగానే ఒక మనిషి పేరు, పైగా పెద్ద పండితుడు, 1308లో పోయిన జాన్ డన్స్ స్కోటస్. ఆయన శిష్యవర్గం 16వ శతాబ్దంలో కొత్త చదువుల్ని ఒప్పుకోలేదని ఎదుటివాళ్లు ఆ పేరునే తిట్టుగా మార్చేశారు. ఈ కథ ఎందుకు నిలిచిందంటే తేదీలు, ఆ గొడవ, ఆ కాలపు రాతలు మూడూ ఒకదానికొకటి సరిపోయాయి.

తెలుగులోకి బోరు ఎప్పుడు దిగిందో వెతకాలని మీకు సరదా పుడితే పని ఇంకా మిగిలే ఉంది. ఆంధ్రభారతి సైట్‌లో చాలా తెలుగు నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర నిఘంటువు అందులో ఉంటుంది, 1852 నాటిది కాబట్టి అప్పటి మన విసుగు మాటలు ఏంటో చూడ్డానికి పనికొస్తుంది. పాత వారపత్రికలు ఆర్కైవ్ సైట్లలో కొన్ని స్కాన్ చేసి ఉన్నాయి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల కాగితం మీదే చూడాలి. తెలుగు స్కాన్లలో మిషను వెతుకులాట ఇంకా సరిగ్గా పనిచేయదు, పేజీలు తిప్పుకోవాల్సిందే. కథలు, కార్టూన్లు, పాఠకుల ఉత్తరాలు ముందు చూడండి, నోటి మాట ముందు ఎక్కేది వాటిలోకే, సంపాదకీయంలోకి కాదు. ఒక్క జాగ్రత్త: ఎక్కడైనా అక్షరాలతో వెతికే వీలుంటే ఒట్టి "బోరు" అని కొట్టకండి, "బోరు కొట్టి", "బోరుగా", "బోర్ కొడు" అని విడివిడిగా వెతకండి, లేకపోతే వచ్చేవన్నీ గొట్టపు బావుల టెండర్ ప్రకటనలే.